విలియం ప్లేఫెయిర్

విలియం ప్లేఫెయిర్ (సెప్టెంబరు 22, 1759 - ఫిబ్రవరి 11, 1823) స్కాట్లండుకు చెందిన ఇంజనీరు, ఆర్థిక విషయాల రచయిత. అంకెలను బొమ్మలుగా చూపే గణాంక చిత్రలేఖనానికి ఇతడిని ఆద్యునిగా పరిగణిస్తారు. దేశ ఆర్థిక వివరాలకు రేఖాచిత్రాన్ని (లైన్ గ్రాఫు), కమ్మీచిత్రాన్ని (బార్ చార్టు) 1786లోను, వృత్తరేఖాచిత్రాన్ని (పై చార్టు) 1801లోను ఇతడు ప్రవేశపెట్టాడు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి గణితంలోను, సాంఘికశాస్త్రంలోను నేర్చుకునే ముఖ్యమైన చిత్రాలలో మూడు ఈ ఒక్క వ్యక్తి ద్వారా వచ్చినవే. అయినా జీవించి ఉన్నంతకాలం ఇతడికి తగిన గుర్తింపు రాలేదు. వ్యాపారాలలో నష్టాలు, అప్పులు, మోసపు ఆరోపణల మధ్య ఇతని జీవితం గడిచింది.

బాల్యము, విద్యాభ్యాసము

ప్లేఫెయిర్ స్కాట్లండులో డండీ పట్టణానికి సమీపంలోని లిఫ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ ప్లేఫెయిర్ ఆ గ్రామ చర్చిలో మతాచార్యుడు. 1772లో తండ్రి మరణించడంతో, పదమూడేళ్ళైనా నిండని విలియం చదువు సంధ్యల బాధ్యత పెద్దన్న జాన్ ప్లేఫెయిర్ (1748 - 1819) పై పడింది. జాన్ తరువాతి కాలంలో ఎడింబరో విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడయ్యాడు. ఒక సరళరేఖకు దాని మీద లేని బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖను గీయగలమని తెలిపే ప్లేఫెయిర్ స్వీకృతం ఈ జాన్ పేరు మీద వచ్చినదే. రేఖాగణిత పాఠంలోని ప్లేఫెయిర్ వేరు, గణాంక పాఠంలోని ప్లేఫెయిర్ వేరు అని విద్యార్థులు గమనించాలి. వీరిద్దరూ అన్నదమ్ములు.

జాన్ తన తమ్మునికి పాఠం చెప్పిన పద్ధతి గమనించదగినది. ప్రతిరోజూ ఉష్ణమాపకం చూసి, ఆనాటి ఉష్ణోగ్రతను గీతగా గుర్తించమనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ గుర్తులు ఎగుడు దిగుడు గీతగా మారి, వాతావరణం ఎలా మారిందో ఒక్క చూపులో తెలిసేది. అంకెలలో చెప్పగలిగిన దేనినైనా గీతలతో చూపవచ్చునన్న ఆలోచన అన్నగారి శిక్షణలోనే మొదలైందని ప్లేఫెయిర్ తరువాత కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

ఉద్యోగ జీవితము

చదువు ముగిసిన తరువాత ప్లేఫెయిర్ నూర్పిడి యంత్రాన్ని రూపొందించిన ఆండ్రూ మైకేల్ వద్ద పని నేర్చుకున్నాడు. 1777లో బర్మింగ్‌హామ్ నగరంలోని బౌల్టన్ - వాట్ కర్మాగారంలో చేరి, ఆవిరి యంత్రంతో పేరు పొందిన జేమ్స్ వాట్‌కు నక్షాలు గీసే సహాయకునిగా కొన్నేళ్ళు పనిచేశాడు. యంత్ర భాగాలను కొలత తప్పకుండా కాగితం మీద గీయడం ఇక్కడ అతనికి అలవడింది.

ఆ ఉద్యోగం మానుకొని లండనులో వెండి సామాను వ్యాపారం పెట్టాడు. అది నిలవలేదు. ఆ పైన గ్రంథరచన వైపు మళ్ళాడు.

వాణిజ్య, రాజకీయ అట్లాసు (1786)

ప్లేఫెయిర్‌కు కీర్తి తెచ్చిన మొదటి గ్రంథం ఇదే. పేరుకు అట్లాసు అయినప్పటికీ ఇందులో ఒక్క దేశపటం కూడా లేదు. ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులు, ప్రభుత్వ ఋణం మొదలైన వివరాలను 44 చిత్రాలలో చూపాడు. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా సొమ్ము ఉంచి, కాలంతో పాటు వచ్చిన మార్పును గీతగా గీశాడు. ఎగుమతి గీతకు, దిగుమతి గీతకు మధ్య ఉన్న ఖాళీయే లాభమో నష్టమో తెలుపుతుంది. అంతకు ముందు వ్యాపారపు లెక్కలంటే పేజీల నిండా పట్టికలే.

44 చిత్రాలలో ఒకటి మాత్రం భిన్నమైనది. స్కాట్లండు వాణిజ్యానికి అనేక సంవత్సరాల లెక్కలు అతనికి లభించలేదు. 1781వ సంవత్సరపు లెక్క మాత్రమే ఉంది. ఒకే సంవత్సరంతో గీత గీయడం సాధ్యం కాదు గనుక, 17 దేశాలతో జరిగిన ఎగుమతి, దిగుమతులను ఒక్కొక్క దేశానికి పట్టీల రూపంలో చూపాడు. ఈ విధంగా దత్తాంశపు లోటు నుండి కమ్మీచిత్రం పుట్టింది. ప్లేఫెయిర్ దీనిని తన ఉత్తమ చిత్రంగా భావించలేదు.

అచ్చు కాకముందు ఈ పథకాన్ని తెలుసుకున్న జేమ్స్ వాట్, చిత్రాలతో పాటు అంకెల పట్టికలు కూడా ఇవ్వడం మంచిదని సలహా ఇచ్చాడు. పట్టిక లేని చిత్రాన్ని పాఠకుడు నమ్మలేడన్నది అతని అభిప్రాయం. చిత్రం పక్కన మూల సంఖ్యలు వేయాలని ఉపాధ్యాయులు నేటికీ చెప్పడానికి కారణం ఇదే.

పారిస్ జీవితము

1787లో ప్లేఫెయిర్ పారిస్ చేరాడు. అట్లాసు ఫ్రెంచి అనువాదం 1789లో వెలువడింది. అక్కడ అమెరికాలోని ఒహాయో ప్రాంతపు భూములను ఫ్రెంచివారికి అమ్మే సియోటో కంపెనీ వ్యవహారంలో జోయెల్ బార్లోతో కలిసి పనిచేశాడు. ఆ భూముల మీద కంపెనీకి పూర్తి హక్కే లేదు. ఆస్తులమ్ముకొని సముద్రం దాటి వెళ్ళిన కుటుంబాలు 1790లో అక్కడికి చేరాక తమ పత్రాలు చెల్లవని తెలుసుకున్నాయి. వారు స్థిరపడిన ఊరే గాలిపోలిస్. సొమ్ము విషయంలో ప్లేఫెయిర్ మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. ఫ్రెంచి విప్లవం ఉధృతమైన తరువాత ఇంగ్లండుకు తిరిగి వచ్చి, విప్లవానికి వ్యతిరేకంగా అనేక కరపత్రాలు వ్రాశాడు. 1797లో లండనులో స్థాపించిన బ్యాంకు కూడా కొద్దికాలానికే మూతపడింది.

పై చార్టు ఆవిర్భావము (1801)

1801లో స్టాటిస్టికల్ బ్రెవియరీ అనే చిన్న గ్రంథాన్ని ప్లేఫెయిర్ ప్రచురించాడు. ఐరోపా రాజ్యాల విస్తీర్ణం, జనాభా, పన్నుల రాబడిని పోల్చి చూపడం దీని ఉద్దేశం. ఇందులోని ముఖ్య చిత్రంలో అతడు అనుసరించిన పద్ధతి ఇది:

* ఒక్కొక్క రాజ్యానికి ఒక్కొక్క వృత్తం. వృత్త వైశాల్యం ఆ రాజ్య విస్తీర్ణానికి అనులోమానుపాతంలో ఉంటుంది.
* వృత్తానికి ఎడమవైపు నిలువు గీత జనాభాను తెలుపుతుంది.
* కుడివైపు నిలువు గీత పన్నుల రాబడిని తెలుపుతుంది.
* ఈ రెండు గీతల కొనలను చుక్కల గీత కలుపుతుంది. అది ఎటు వాలితే అటువైపు పరిమాణం తక్కువ.

చాలా దేశాలలో ఈ చుక్కల గీత పన్నుల వైపు వాలగా, బ్రిటన్‌లో జనాభా వైపు వాలింది. బ్రిటిష్ ప్రజల మీద పన్నుల భారం అధికమని చెప్పడమే ప్లేఫెయిర్ ఉద్దేశం. అయితే ఈ వాలును నమ్మడానికి లేదు. రెండు నిలువు గీతల మధ్య దూరం వృత్త వ్యాసమే గనుక, దేశం చిన్నదైతే వాలు ఎక్కువగాను, పెద్దదైతే తక్కువగాను కనిపిస్తుంది. పన్ను భారానికి, దేశ విస్తీర్ణానికి సంబంధం లేకున్నా చిత్రంలో రెండూ కలిసిపోయాయి. తరువాతి గణాంకవేత్తలు ఈ లోపాన్ని ఎత్తిచూపారు.

ఈ చిత్రంలోనే టర్కీ సామ్రాజ్యం ఉంది. దాని భూములు ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాలలో విస్తరించి ఉన్నాయి. ఒకే సామ్రాజ్యం మూడు ఖండాలలో ఉన్నదని చూపడానికి ప్లేఫెయిర్ దాని వృత్తాన్ని కేంద్రం నుండి మూడు సెక్టారులుగా విభజించి, వేర్వేరు రంగులు వేయించాడు. ఆ రోజులలో ప్రతి ప్రతికీ చేతితోనే రంగులు అద్దేవారు. ఇదే తొలి పై చార్టుగా ప్రసిద్ధి పొందింది.

పై చార్టు అనే పేరు ప్లేఫెయిర్ పెట్టినది కాదు, చాలాకాలం తరువాత వాడుకలోకి వచ్చినది. ఇందులోని పై అన్న మాట వృత్త పరిధికి, వ్యాసానికి గల నిష్పత్తిని తెలిపే గణిత చిహ్నం కాదు. పాశ్చాత్యులు ముక్కలుగా కోసి పంచుకునే గుండ్రని వంటకం పేరు అది. మన ఇండ్లలో దిబ్బరొట్టెను నడుమనుండి కోసి ఇంటిల్లిపాదికీ పంచినట్లే ఇక్కడ మొత్తాన్ని భాగాలకు పంచుతాము.

హిందూస్థాన పాలకులు - ఉత్తర సర్కారులు

బ్రెవియరీ గ్రంథానికి చివర హిందూస్థానంలోని పాలక శక్తులను ఇదే పద్ధతిలో చూపే భాగాన్ని ప్లేఫెయిర్ చేర్చాడు. అప్పటికి రెండేళ్ళ ముందు, 1799లో, శ్రీరంగపట్నం పతనమై మైసూరు రాజ్యం పంపకానికి గురైంది. 1800లో నిజాము దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు.

నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పటికే కంపెనీ పాలనలో ఉన్నాయి. శ్రీకాకుళం సర్కారు ఉత్తర సర్కారులలో ఒకటి. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా, 1766లో నిజాముతో జరిగిన సంధి ద్వారా ఇవి కంపెనీకి సంక్రమించాయి. విజయనగరం పూసపాటి వంశీయుల జమీందారీ. చెల్లించవలసిన పేష్కషు బకాయిల విషయమై కంపెనీతో వివాదం ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం వద్ద జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు మరణించాడు. బ్రెవియరీ వెలువడిన మరుసటి ఏడు, 1802లో, ఈ ప్రాంతంలో శాశ్వత శిస్తు పద్ధతి అమలులోకి వచ్చింది.

ప్లేఫెయిర్ పద్ధతిలో పన్నుల రాబడి ఒక నిలువు గీత మాత్రమే. ఆ రాబడి ఎంత అన్నది గీత చెబుతుంది. ఎవరి నుండి, ఏ విధంగా వచ్చినది చెప్పదు. పద్మనాభం యుద్ధం వంటి ఘటనలు గీత పొడవులో కనిపించవు. ఒక అధికారాన్ని ఒకే వృత్తంగా గీసినప్పుడు లోపలి సీమలు కూడా కనిపించవు. వృత్తాన్ని సెక్టారులుగా విభజిస్తేనే అవి బయటపడతాయి.

పై చార్టు గీయు విధానము

ప్లేఫెయిర్ ఆలోచనను మన ప్రాంతపు లెక్కలతో పరిశీలించవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాల వివరాలు ఇవి (2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనకు ముందున్న సరిహద్దులతో):

* శ్రీకాకుళం: జనాభా 27,03,114, విస్తీర్ణం 5,837 చదరపు కిలోమీటర్లు
* విజయనగరం: జనాభా 23,44,474, విస్తీర్ణం 6,539 చదరపు కిలోమీటర్లు
* విశాఖపట్నం: జనాభా 42,90,589, విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు
* మొత్తం: జనాభా 93,38,177, విస్తీర్ణం 23,537 చదరపు కిలోమీటర్లు

వృత్త కేంద్రం చుట్టూ 360 డిగ్రీల కోణం ఉంటుంది. భాగాన్ని మొత్తంతో భాగించి 360తో గుణిస్తే ఆ భాగపు సెక్టారు కోణం వస్తుంది. జనాభాకు ఈ కోణాలు శ్రీకాకుళం 104.2, విజయనగరం 90.4, విశాఖపట్నం 165.4 డిగ్రీలు. వృత్తలేఖినితో వృత్తం గీసి, ఒక వ్యాసార్థాన్ని గీసుకొని, దాని నుండి కోణమానినితో వరుసగా ఈ కోణాలను కొలిచి సెక్టారులను గుర్తించాలి. విజయనగరం సెక్టారు దాదాపు లంబకోణం. అనగా మూడు జిల్లాల జనాభాలో నాలుగింట ఒక వంతు అక్కడ ఉన్నదని కోణమానిని లేకుండానే చెప్పవచ్చును.

ఇక్కడ విద్యార్థులు తరచుగా తికమకపడే విషయం ఒకటి ఉంది. కోణాలను పూర్ణాంకాలకు సవరిస్తే 104, 90, 165 వస్తాయి. వీటి మొత్తం 359 మాత్రమే. వృత్తంలో ఒక డిగ్రీ ఖాళీ మిగులుతుంది. ఇది లెక్క తప్పు కాదు, సవరింపులో పోయిన భిన్నాల మొత్తం. మూడింటిలో ఎక్కువ భిన్నాన్ని కోల్పోయినది విశాఖపట్నం గనుక ఆ డిగ్రీని దానికి చేర్చి 166గా తీసుకోవాలి.

విస్తీర్ణానికి ఇదే లెక్క చేస్తే కోణాలు శ్రీకాకుళం 89, విజయనగరం 100, విశాఖపట్నం 171 డిగ్రీలు.

చదివే విధానము, పరిమితులు

రెండు చార్టులను పక్కపక్కన ఉంచి చూస్తే, జనాభాలో విజయనగరం కంటె శ్రీకాకుళం పెద్ద సెక్టారు, విస్తీర్ణంలో చిన్న సెక్టారు. తక్కువ నేల మీద ఎక్కువ మంది నివసిస్తున్నారని దీని అర్థం. భాగహారం చేసి చూస్తే చదరపు కిలోమీటరుకు శ్రీకాకుళంలో సుమారు 463 మంది, విజయనగరంలో 359 మంది, విశాఖపట్నంలో 384 మంది వస్తారు. జనసాంద్రతను ఏ ఒక్క చార్టూ చెప్పలేదు, రెండూ కలిసి చెప్పాయి.

చదివేటప్పుడు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి:

* పై చార్టు ఒకే మొత్తంలోని భాగాలను మాత్రమే చూపుతుంది. ఒకే మనిషి రెండు భాగాలలో లెక్కకు వచ్చే దత్తాంశానికి ఇది పనికిరాదు.
* మొత్తం ఎంతో, ఏ సంవత్సరానిదో తప్పక వ్రాయాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుండి ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో ఆ రెండు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022లో సరిహద్దులు మళ్ళీ మారాయి. సంవత్సరం లేని చార్టులో శ్రీకాకుళం అంటే ఏ శ్రీకాకుళమో తెలియదు.
* కాలంతో పాటు వచ్చే మార్పును చూపడానికి రేఖాచిత్రమే తగినది.
* భాగాలు ఆరేడు దాటితే, లేదా కోణాలు దగ్గర దగ్గరగా ఉంటే, కమ్మీచిత్రం మేలు. ఒకే ఆధారరేఖ మీది పొడవులను పోల్చినంత కచ్చితంగా మనిషి కన్ను కోణాలను పోల్చలేదని 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ ప్రచురించిన ప్రయోగాలు చూపాయి.
* రెండు వృత్తాల పరిమాణాన్ని పోల్చేటప్పుడు వైశాల్యం చూడాలి, వ్యాసార్థం కాదు. విశాఖపట్నం విస్తీర్ణం శ్రీకాకుళానికి సుమారు 1.9 రెట్లు. శ్రీకాకుళానికి 3 సెంటీమీటర్ల వ్యాసార్థం తీసుకుంటే విశాఖపట్నానికి వర్గమూలం ప్రకారం 4.15 సెంటీమీటర్లు తీసుకోవాలి. పొరపాటున వ్యాసార్థాన్నే 1.9 రెట్లు చేస్తే వృత్తం మూడున్నర రెట్లకు పైగా పెద్దదై చూపరిని మోసగిస్తుంది.

చివరి రోజులు

బ్రెవియరీ వెలువడిన మరుసటి ఏడాదే దానిని డొనాంట్ ఫ్రెంచిలోకి అనువదించాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాల గురించి డొనాంట్ వ్రాసిన గ్రంథాన్ని ప్లేఫెయిర్ 1805లో ఆంగ్లంలోకి అనువదించి, రాష్ట్రాల విస్తీర్ణాన్ని తెలిపే పై చార్టును అందులో చేర్చాడు. అదే సంవత్సరం ఆడమ్ స్మిత్ ప్రసిద్ధ అర్థశాస్త్ర గ్రంథానికి వ్యాఖ్యలతో కూడిన కొత్త ముద్రణను కూడా వెలువరించాడు.

ఈ కాలంలోనే అప్పుల కారణంగా జైలులో గడపవలసి వచ్చింది. తరువాత పారిస్‌లో ఒక ఆంగ్ల పత్రికకు సంపాదకునిగా ఉండగా పరువునష్టం కేసులో చిక్కుకొని ఆ దేశం విడిచి వచ్చాడు. 1816లో ఒక ప్రభువు కుటుంబానికి సంబంధించిన పత్రాలు చూపి సొమ్ము రాబట్టాలని ప్రయత్నించినట్లు కూడా చరిత్రకారులు గుర్తించారు.

1821లో, అరవై దాటిన వయసులో, వ్యవసాయదారుల కష్టాలపై వ్రాసిన చిన్న గ్రంథంలో మరొక గొప్ప చిత్రాన్ని ప్రచురించాడు. 1565 నుండి 1821 వరకు గోధుమల ధరను పట్టీలుగాను, పనివాని వారపు కూలిని గీతగాను ఒకే కాగితం మీద చూపాడు. కూలితో పోల్చితే గోధుమలు ఆ రోజులలో ఉన్నంత చౌకగా మునుపెన్నడూ లేవన్నది అతని నిర్ణయం. 1823 ఫిబ్రవరి 11న ప్లేఫెయిర్ పేదరికంలోనే లండనులో మరణించాడు.

ప్రభావము

ఇంగ్లండులో ప్లేఫెయిర్ పద్ధతులు చాలాకాలం ఆదరణకు నోచుకోలేదు. పటాలు పిల్లలకు, వినోదానికి అన్న అభిప్రాయం ఒక కారణం, రచయిత మీద నమ్మకం లేకపోవడం మరొక కారణం. ఐరోపా ఖండంలో వీటికి ఆదరణ లభించింది. 1858లో ఫ్రెంచి ఇంజనీరు మినార్ తన దేశపటం మీద పై చార్టులను ఉంచి, పారిస్ నగరానికి ఏ ప్రాంతం నుండి ఎంత మాంసం వస్తున్నదో చూపాడు. అదే సంవత్సరం ఫ్లారెన్స్ నైటింగేల్ యుద్ధంలో సైనికుల మరణాలకు కారణాలను వృత్తాకార చిత్రంలో చూపింది. ఆమె చిత్రంలో కోణాలన్నీ సమానం, వ్యాసార్థాలు వేరు. కనుక అది పై చార్టు కాదు. ఆ చిత్రం గాయాల కంటె నివారించదగిన వ్యాధులే ఎక్కువ మందిని బలిగొన్నాయని నిరూపించి, సైనిక ఆసుపత్రుల సంస్కరణకు తోడ్పడింది.

ప్లేఫెయిర్ వ్యాపార వ్యవహారాలలో నిజాయితీ లోపించిందన్న విమర్శను కాదనడానికి వీలులేదు. అయితే అతడు రూపొందించిన చిత్రాలకు అంకెలే ఆధారం గనుక, వాటి నిజానిజాలను ఎవరైనా కోణమానిని తీసుకొని పరీక్షించుకోవచ్చును. అందుకే గీసిన వ్యక్తి మీద నమ్మకం లేనివారు కూడా చివరకు అతని పద్ధతిని స్వీకరించారు. చార్టును గీయడంతో పాటు, ఇతరులు గీసిన చార్టును లెక్క వేసి సరిచూసుకోవడం కూడా విద్యార్థి నేర్వవలసిన విద్యయే.